ల్యాప్‌టాప్ డ్రైవును గుర్తించనప్పుడు ఏమి చేయవలెను

గత ఉగాదికి వారము రోజుల ముందు మన ఆలయ సభామందిరములో జరిగిన ఒక సంగతి ఈ వ్యాసమునకు కారణము. పంచాంగ శ్రవణము అయిన తరువాత పిల్లలకు చూపించవలెనని, ఫిజీ దీవులకు వెళ్లిన మన ముత్తాతల వలస పత్రముల చిత్రములను, కొందరు వృద్ధుల మాటల రికార్డింగులను ఒక చిన్న యూఎస్‌బీ డ్రైవులో పెట్టి ఉంచినాము. దానిని కమిటీ ల్యాప్‌టాప్‌కు తగిలించగా తెరమీద ఒక మాట కనిపించినది. ఈ డిస్కును వాడవలెనంటే ముందుగా ఫార్మాట్ చేయవలెనని, చేయమందురా అని అది అడిగినది. సహాయమునకు వచ్చిన పదునాలుగేండ్ల బాలుడు బాణపు గుర్తును ఆ బొత్తాము మీదికి తీసుకొని పోయినాడు. "ఆగు నాయనా" అని మేము వాని చేయి పట్టుకొన్నాము.

ఆ డ్రైవుకు ఏ జబ్బును లేదని తరువాత తెలిసినది. ఆ బొత్తాము నొక్కి ఉంటే మాత్రము అందులో ఉన్నదంతయు పోయి ఉండెడిది.

ఇటువంటి డ్రైవులు మన కుటుంబములలో చాలా ఉన్నవి. 1987 తరువాత ఫిజీ విడిచి కాలిఫోర్నియాకు వచ్చిన మనవారు శాక్రమెంటోలో, మొడెస్టోలో, హేవర్డ్‌లో స్థిరపడినారు. వచ్చినప్పుడు పెట్టెలలో క్యాసెట్లు, ఫోటోలు తెచ్చుకొన్నారు. తరువాత పిల్లలు వాటిని కంప్యూటరులోనికి ఎక్కించి, అక్కడినుండి ఈ చిన్న డ్రైవులలోనికి మార్చినారు. ఇప్పుడు ఆ డ్రైవులు వంటింటి సొరుగులలోను, పూజగది అరలలోను పడి ఉన్నవి. ఏదో ఒకనాడు ఎవరో ఒకరు తీసి తగిలిస్తారు. ల్యాప్‌టాప్ గుర్తుపట్టదు.

"గుర్తుపట్టు" అనే మాట దగ్గర తెలుగు మరల నేర్చుకొనుచున్న మన పిల్లల కొరకు ఒక్క క్షణము ఆగుతాము. గుర్తు అనగా జ్ఞాపకము. గుర్తు అనగా ఆనవాలు కూడ. మన ముత్తాతల వలస పత్రములో పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు వ్రాసి, వాటితోపాటు శరీరము మీది గుర్తులను కూడ వ్రాసినారు: నుదుటి మీద మచ్చ, కుడి మోకాలి మీద గాయపు మచ్చ, ఇటువంటివి. ఆ మనిషి ఆ మనిషే అని తెలియుటకు అదే ఆనవాలు. ల్యాప్‌టాప్ కూడ డ్రైవును ఇంచుమించు ఇట్లే విచారిస్తుంది. అందువలననే ఈ పోలికను మేము ఎన్నుకొన్నాము.

ఆ పత్రముల మాట రెండు వాక్యములలో చెప్పి ముందుకు పోతాము. ఫిజీకి భారతీయ కూలీలను గిర్మిట్ మీద తీసుకొని పోవుట 1879లో కలకత్తా నుండి మొదలైనది. మదరాసు రేవు నుండి మనవారు ఎక్కుట 1903లో మొదలై, 1916లో చివరి ఓడతో ముగిసినది. అసలు పత్రములు సువాలోని ఫిజీ జాతీయ అభిలేఖాగారములో ఉన్నవి గనుక, మన డ్రైవులోని చిత్రములు పోయినను శ్రమపడి మరల తెచ్చుకొనవచ్చును. అవ్వల గొంతులు అట్లు కావు. వాటికి సువాలో నకలు లేదు. డ్రైవు మొరాయించినప్పుడు మొదట వేసుకొనవలసిన ప్రశ్న ఇదే: ఇందులో ఉన్నది మరియొక చోట ఉన్నదా? ఉన్నచో నిర్భయముగా ప్రయత్నములు చేయవచ్చును. లేనిచో ప్రతి అడుగును ఆలోచించి వేయవలెను.

ఇక డ్రైవు తగిలించినప్పుడు లోపల ఏమి జరుగుతుందో చూతము. యూఎస్‌బీ అనే ఏర్పాటు 1996లో వచ్చినది. నేడు మనము వాడే చేతివ్రేలంత డ్రైవులు 2000 సంవత్సరములో అంగళ్లలోనికి వచ్చినవి. అప్పటి వాటిలో ఎనిమిది మెగాబైట్లే పట్టెడివి. హైదరాబాదు నుండి వచ్చిన యువకులు దీనిని పెన్ డ్రైవ్ అంటారు, మన ఇండ్లలో పుట్టిన పిల్లలు థంబ్ డ్రైవ్ అంటారు. వస్తువు ఒక్కటే.

పాత వెడల్పు ముక్కు గల యూఎస్‌బీలో నాలుగు తీగలు ముఖ్యము. రెండు విద్యుత్తు కొరకు, రెండు మాటల కొరకు. మొదట ఐదు వోల్టుల విద్యుత్తు డ్రైవుకు అందుతుంది. అది మేలుకొని "నేను వచ్చినాను" అని ఒక తీగ మీద సంకేతము ఇస్తుంది. ల్యాప్‌టాప్ అప్పుడు గుమాస్తావలె అడుగుతుంది: నీవు ఎవరవు, నిన్ను చేసినవారి సంఖ్య ఏమి, నీ పని ఏమి, నీకు ఎంత విద్యుత్తు కావలెను? సమాధానములు సరిగా వచ్చినచో డ్రైవును లోపలికి రానిస్తుంది. తరువాత అందులోని స్థలము ఎట్లు భాగములుగా పంచబడినదో చూస్తుంది. చివరకు ఆ భాగములో ఫైళ్లు ఏ పద్ధతిలో వ్రాయబడినవో చదువుతుంది. విద్యుత్తు, పలకరింపు, భాగములు, ఫైళ్ల పద్ధతి: ఈ నాలుగు మెట్లలో ఎక్కడ ఆగినను మనము "ల్యాప్‌టాప్ గుర్తించలేదు" అనే అంటాము. నాలుగు వేరు వేరు జబ్బులకు ఒకే పేరు పెట్టి, ఒకే మందు వేయుట వలననే ఎక్కువ నష్టము జరుగుచున్నది. ఏ మెట్టు దగ్గర ఆగినదో తెలిసేవరకు ఏ మార్పును చేయరాదు.

మొదటి మెట్టు విద్యుత్తు. డ్రైవు మీద చిన్న దీపము ఉన్నచో వెలుగుచున్నదా చూడండి. ల్యాప్‌టాప్ రెండవ ప్రక్కనున్న రంధ్రములో పెట్టి చూడండి. నడుమ హబ్ గాని, పొడిగింపు తీగ గాని ఉన్నచో తీసివేసి నేరుగా పెట్టండి. మరియొక ల్యాప్‌టాప్‌లో పెట్టి చూడండి. ఈ ఒక్క పరీక్ష దోషము డ్రైవుదో ల్యాప్‌టాప్‌దో సగము తేల్చివేస్తుంది. అయితే ఉద్యోగము ఇచ్చిన సంస్థవారి ల్యాప్‌టాప్‌తో ఈ పరీక్ష చేయకండి. అనేక సంస్థలు బయటి డ్రైవులను తమ యంత్రములలో పనిచేయనివ్వవు. మంచి డ్రైవు కూడ అక్కడ చచ్చినట్లే కనిపిస్తుంది.

ఆలయములో మాకు ఎదురైన చిక్కు ఇంకొకటి ఉన్నది. విభూతి, కుంకుమ పొడి, కర్పూరపు మసి ఆ చిన్న రంధ్రములలో చేరుతవి. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, గాలి డబ్బాతో పొట్టి పొట్టి ఊదులుగా శుభ్రము చేయండి. నోటితో ఊదినచో తేమ చేరుతుంది. సూదిని మాత్రము పెట్టకండి.

తీగతో తగిలించే పెద్ద డ్రైవులను గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసి ఉన్నది, ఎందుకనగా మేము రెండు వారములు వ్యర్థము చేసుకొన్నది అక్కడనే. కమిటీవారి పోర్టబుల్ హార్డ్ డిస్కు ఒకటి హఠాత్తుగా పలుకుట మానినది. దీపము వెలుగుచున్నది, ల్యాప్‌టాప్‌లో ఏ జాడయు లేదు. చచ్చినదనుకొని క్రొత్తది కొనుటకు తీర్మానము కూడ వ్రాసినాము. చూడగా, ఎవరో అసలు తీగను తీసికొనిపోయి, దాని స్థానములో ఫోను చార్జింగు తీగను పెట్టినారు. చౌకగా దొరికే చార్జింగు తీగలలో కొన్నింటికి విద్యుత్తు తీగలు మాత్రమే ఉంటవి, మాటల తీగలు ఉండవు. డ్రైవుకు అన్నము అందుచున్నది గాని నోరు లేదు. దీపము వెలిగినంత మాత్రమున తీగ మంచిదని అనుకొనరాదని ఆనాడు నేర్చుకొన్నాము. ఆ తీర్మానమును కొట్టివేసిన గీత ఇప్పటికిని మా పుస్తకములో ఉన్నది.

హార్డ్ డిస్కు లోపల పళ్లెము తిరుగుతుంది గనుక దానికి ఎక్కువ విద్యుత్తు కావలెను. పాత యూఎస్‌బీ 2.0 రంధ్రము 500 మిల్లీయాంపియర్ల వరకు, 3.0 రంధ్రము 900 వరకు ఇవ్వవలెనని నియమము. అనేక ల్యాప్‌టాప్‌లలో 3.0 రంధ్రము లోపలి నాలుక నీలిరంగులో ఉంటుంది. డిస్కు తిరుగబోయి ఆగిపోవుచున్నచో, ల్యాప్‌టాప్‌ను గోడ విద్యుత్తుకు కలిపి, నీలి రంధ్రములో పెట్టి చూడండి. కాని లోపలనుండి టక్ టక్ అని గడియారపు చప్పుడు వినవచ్చినచో వెంటనే తీసివేయండి. అది విద్యుత్తు చిక్కు కాకపోవచ్చును. చదివే ముల్లు దెబ్బతిని ఉండవచ్చును. మరల మరల తగిలించిన కొద్దీ పళ్లెము మీద గీతలు పడే భయము ఉన్నది.

రెండవ మెట్టు పలకరింపు. విండోస్‌లో స్టార్ట్ బొత్తాము మీద కుడి నొక్కు నొక్కి, డివైస్ మేనేజర్ తెరవండి. డ్రైవును తీసి మరల పెట్టుచు ఆ జాబితాను చూడండి. ఏదైనా క్రొత్త వరుస వచ్చినచో విద్యుత్తు అందినదనియు, మాట మొదలైనదనియు అర్థము. దాని ప్రక్కన పసుపుపచ్చని హెచ్చరిక గుర్తు ఉండి, కోడ్ 43 అని వ్రాసి ఉన్నచో, డ్రైవు ఇచ్చిన సమాధానము ల్యాప్‌టాప్‌కు సరిపడలేదన్నమాట. ఆ వరుసను అన్‌ఇన్‌స్టాల్ చేసి, డ్రైవును తీసి, ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేసి మరల పెట్టండి. ఇది డ్రైవులోని ఫైళ్లను ముట్టదు, భయము లేదు. ఇక్కడ షట్ డౌన్ వేరు, రీస్టార్ట్ వేరు అని గమనించవలెను. నేటి విండోస్ త్వరగా లేచుటకొరకు షట్ డౌన్ చేసినప్పుడు తన స్థితిని కొంత దాచుకొని పడుకొంటుంది. రీస్టార్ట్ చేసినప్పుడే నిజముగా క్రొత్తగా మొదలవుతుంది.

మ్యాక్ వాడువారికి వేరొక చిక్కు. 2022లో వచ్చిన వెంచురా నుండి, ఆపిల్ సొంత చిప్పు గల ల్యాప్‌టాప్‌లు క్రొత్త వస్తువు తగిలించగానే దీనిని అనుమతింతురా అని అడుగుతవి. తొందరలో వద్దని నొక్కినచో డ్రైవు కనిపించదు. తీసి, తాళము విప్పిన ల్యాప్‌టాప్‌కు మరల పెట్టి అనుమతి ఇవ్వండి.

మూడవ మెట్టును చూచుటకు విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ అనే కిటికీ ఉన్నది. అదియు స్టార్ట్ మీద కుడి నొక్కులోనే దొరకుతుంది. ఇది ఆలయ కార్యాలయము గోడమీది గదుల పటము వంటిది. డ్రైవు అక్కడ ఉండి, భాగము కూడ బాగుండి, అక్షరము మాత్రము లేకపోవచ్చును. విండోస్ ప్రతి భాగమునకు ఒక ఆంగ్లాక్షరమును పేరుగా ఇస్తుంది. అది ఇవ్వబడకపోతే ఫైళ్ల కిటికీలో డ్రైవు కనబడదు. ఆ భాగము మీద కుడి నొక్కు నొక్కి అక్షరమును ఇచ్చినచో చాలును. ఇదియు ఫైళ్లను ముట్టదు. మ్యాక్‌లో ఇటువంటి పటము డిస్క్ యుటిలిటీ. అందులో అన్ని పరికరములను చూపుమని వ్యూ పట్టికలో ఎన్నుకొనవలెను.

ఆ పటములో "రా" అని గాని, "అనలొకేటెడ్" అని గాని కనిపించినచో చేతులు వెనుకకు తీసుకొనండి. మొదటి మాటకు అర్థము, భాగము ఉన్నది గాని అందులోని వ్రాత నాకు తెలియుట లేదని. రెండవ మాటకు అర్థము, భాగముల పట్టికయే కనబడుట లేదని. ఫైళ్లు పోయినవని ఈ రెండింటిలో దేనికిని అర్థము లేదు. ఇల్లు ఉన్నది, ఇంటి నెంబరు చెరిగినది. ఈ స్థితిలో ల్యాప్‌టాప్ ఇనిషియలైజ్ చేయమందురా అని అడుగవచ్చును, ఫార్మాట్ చేయమందురా అని అడుగవచ్చును. రెండింటికిని వద్దనియే చెప్పవలెను.

నాలుగవ మెట్టులో మన ఉగాది కథ ముగుస్తుంది. ఆ డ్రైవును సిద్ధము చేసినది కమిటీ సభ్యులొకరి కుమార్తె, తన మ్యాక్‌లో. మ్యాక్ తన పద్ధతిలో వ్రాసినది. విండోస్‌కు ఆ లిపి రాదు. ఒక తెలుగు ఉత్తరమును తెలుగు రానివారికి ఇచ్చినచో "ఇది గీతలు గీసిన కాగితము, తుడిచి వాడుకొందమా?" అన్నట్లుగా, విండోస్ ఫార్మాట్ చేయమందురా అని అడిగినది. ఆ అమ్మాయిని పిలిపించి, ఆమె మ్యాక్‌లో పెట్టగానే అన్నియు తెరచుకొన్నవి. పిల్లలు ఉగాదినాడు అవ్వ గొంతు విన్నారు.

కావున ఈ డ్రైవును మొదట ఎవరు, ఏ యంత్రములో తయారుచేసినారని ఇంట్లో అడుగుట మంచిది. ఆపిల్‌వారి ఏపీఎఫ్‌ఎస్ పద్ధతిని విండోస్ తనంతట చదువలేదు. విండోస్‌వారి ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిని మ్యాక్ చదువును గాని అందులో వ్రాయలేదు. ఇరువురికిని తెలిసినవి పాత ఫ్యాట్32, తరువాత 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్. ఫ్యాట్32లో నాలుగు గిగాబైట్లకు మించిన ఒక్క ఫైలు పట్టదు, అందుచేత పొడుగు పెండ్లి వీడియోలకు ఎక్స్‌ఫ్యాటే తగును. ఇది ఖాళీ డ్రైవును సిద్ధము చేయునప్పటి మాట. నిండిన డ్రైవు మీద ప్రయోగించుటకు కాదు.

డ్రైవు నిజముగా జబ్బుపడి, అందులోని దానికి వేరే నకలు లేనిచో, మొదటి పని మరమ్మతు కాదు, నకలు. చెక్‌డిస్క్ అను విండోస్ పనిముట్టును వెంటనే నడపమని చాలామంది సలహా ఇస్తారు. మేము ఆ సలహాను ఒప్పుకొనము. అది సరిచేయుచు డ్రైవు మీద వ్రాస్తుంది. బలహీనమైన డ్రైవు మీద వ్రాయుట ప్రమాదము. లైనక్స్ తెలిసిన యువకులు మన సమాజములో ఉన్నారు. వారిని అడిగినచో డీడీరెస్క్యూ అను ఉచిత పనిముట్టుతో డ్రైవు మొత్తమునకు ప్రతిబింబము తీసి మరియొక డిస్కులో పెట్టగలరు. ఆ ప్రతిబింబము మీద ఫోటోరెక్ అను పనిముట్టును నడిపి ఫైళ్లను వెదకవచ్చును. దొరికిన ఫైళ్లను ఎన్నడును అదే డ్రైవులో దాచరాదు. ఇంకను దొరకనివాటి మీద అవి పడి చెరిపివేస్తవి. టక్ టక్ చప్పుడు చేసే హార్డ్ డిస్కును మాత్రము ఇంట ఎవరును ముట్టరాదు. దానికి ప్రయోగశాలలు ఉన్నవి. వందల డాలర్లు, ఒక్కొక్కప్పుడు వేల డాలర్లు అడుగుతారు. అంత ధనము వెచ్చించదగిన గొంతు అందులో ఉన్నదా అనేది ప్రతి కుటుంబము తానే తేల్చుకొనవలసిన విషయము.

ఇంతవరకు మాకు దక్కినవాటి సంగతి చెప్పినాము. దక్కనిదానిని గూర్చియు చెప్పుట న్యాయము. మా కమిటీ వద్ద ఒక పాత చిన్న డ్రైవు ఉండెడిది. నాడీ ప్రాంతములోని చెరకు తోటల ప్రక్కన పెరిగిన ఒక ముసలి అవ్వ, తన నాయనమ్మ నోట విన్న తెలుగు మాటలను, నాట్లప్పటి పాటలను, ఓడలోని సంగతులను చెప్పగా, క్యాసెట్టు మీద ఎత్తి, తరువాత అందులోనికి మార్చినాము. కొన్ని సంవత్సరములు అది సొరుగులో ఉన్నది. తీసి పెట్టగా డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అక్షరము ఉన్నది, పరిమాణము లేదు. "నో మీడియా" అని ఉన్నది. డ్రైవులోని చిన్న అధికారి చిప్పు బ్రతికే ఉన్నది, జ్ఞాపకపు చిప్పు పలుకుట లేదు. తెలిసినవారికి పంపినాము. ఏమియు రాలేదు.

ఆ క్యాసెట్టు ఏమైనదని అడుగుతారు. కంప్యూటరులోనికి ఎక్కించినాము గదా, ఇక ఎందుకని, మందిరము శుభ్రము చేసిన నాడు మేమే పారవేసినాము. అవ్వ అంతకు ముందే పోయినది. ఈ తప్పు మాది, డ్రైవు చేసినవారిది కాదు. ఇటువంటి డ్రైవు జ్ఞాపకమును విద్యుదావేశముగా దాచుకొంటుంది. విద్యుత్తు లేకుండ ఏండ్ల తరబడి పడి ఉన్నచో ఆ ఆవేశము మెల్లగా జారిపోతుంది. వేడిలో త్వరగా జారుతుంది. శాక్రమెంటో ఎండాకాలములో కారులో వదలిన డ్రైవు ఎంత కాగుతుందో మీకు తెలియును. ఇది ఒక చోటినుండి మరియొక చోటికి మోయుటకు చేసిన వస్తువు. మేము దానిని భోషాణముగా వాడినాము.

పీటర్ క్రో అను అమెరికా ఛాయాచిత్రకారుడు ప్రచారములోనికి తెచ్చిన లెక్క ఒకటి ఉన్నది: మూడు ప్రతులు, రెండు రకముల వస్తువుల మీద, ఒకటి ఇంటికి దూరముగా. మేము ఇప్పుడు అట్లే చేస్తున్నాము. ఒక ప్రతి కమిటీ కంప్యూటరులో, ఒకటి పోర్టబుల్ డిస్కులో, ఒకటి లౌటోకాలోని బంధువుల ఇంట. ఆ దూరపు ప్రతి పని కొంచెము ఆలస్యమవుతుంది, ఎవరైనా ప్రయాణము కట్టినప్పుడే పంపగలము. ప్రతి ఉగాదికి ముందు వారము అన్నిటిని తగిలించి, ఒక్కొక్క రికార్డింగును తెరచి కొంతసేపు వింటాము. జాబితాలో పేరు కనబడినంత మాత్రమున చాలదు, వినవలెను. ఐదారు సంవత్సరముల కొకసారి క్రొత్త డిస్కులోనికి మారుస్తాము. డ్రైవు మీద ఏ యంత్రములో తయారైనదో, ఏ సంవత్సరమో కాగితము అంటిస్తాము, దాని తీగను దానితోనే సంచిలో కట్టి ఉంచుతాము.

మీ ఇంట పలుకని డ్రైవు ఉన్నచో, దానితో వచ్చిన తీగతో సహా ఆదివారము అర్చన తరువాత మందిరమునకు తీసుకొని రండి. ఒక విండోస్, ఒక మ్యాక్ అక్కడ సిద్ధముగా ఉంటవి. ఏ బొత్తామును నొక్కకుండ తెండి. క్యాసెట్టు ఇంకను ఉన్నచో దానిని కూడ తెండి.